సాష్ మీద ఏ ఊరి పేరు?

ప్రశ్న:

మేడమ్, నాకు 23 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర పల్లెటూరు. అమ్మమ్మగారింట్లో అక్కడే పుట్టాను. నాన్న 1996లో భిలాయి స్టీల్ ప్లాంట్‌లో చేరారు. నేను పెరిగింది, చదివింది అంతా భిలాయిలోనే. ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2025 మేలో ఇక్కడ మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పటి నుంచి మిస్ ఇండియాకి అప్లై చేయాలని మనసులో పడింది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, చామనఛాయ.

గ్రూమింగ్ క్లాసులో చేరి 25 వేలు అడ్వాన్స్ కట్టాను. అక్కడి కోచ్ "ఆంధ్ర, తెలంగాణల్లో కాంపిటీషన్ ఎక్కువ. ఈశాన్యంలో ఒక చిన్న రాష్ట్రంలో రెంటల్ అగ్రిమెంట్ చేయిస్తాను. అక్కడ అప్లై చేసేవాళ్లే తక్కువ. అందరూ చేసేదే" అంటున్నారు. మొత్తం ప్యాకేజీ 3 లక్షల 50 వేలు. అందులో రంగు తేలడానికి ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి.

నాన్న వద్దనలేదు గానీ "వెళ్తే ఆంధ్రా తరఫున వెళ్లు, మన ఊరి పేరు నిలబడాలి" అన్నారు. నాకేమో తెలుగు చదవడం రాదు, మాట్లాడితే ఆఫీసులో నవ్వుతారు. ఛత్తీస్‌గఢ్ తరఫున వెళ్దామంటే అక్కడివాళ్లు మమ్మల్ని ఇప్పటికీ తెలుగువాళ్లనే అంటారు. అసలు నేను ఏ రాష్ట్రం అమ్మాయిని? ఏటి సెయ్యమంటారు?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మాయ్, నా కూతురి కన్నా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటాను. నీ ఉత్తరం చదవడానికి నాకు కాస్త టైం పట్టింది. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేశావు కదా, పైకి చదువుకుంటే గానీ నా బుర్రకెక్కలేదు. అలా చదువుతుంటే వంటింట్లోంచి మా కోడలు "ఎవరత్తయ్యా, శ్రీకాకుళం వాళ్లా?" అంది. అచ్చు కోసం ఉత్తరాన్ని కొంచెం సాపు చేశాను, ఏమీ అనుకోకు. చివరి మాట మాత్రం ముట్టుకోలేదు. మీ ఆఫీసువాళ్లకు నీ మాటలో హిందీ వినిపిస్తుందేమో, నాకు మాత్రం మీ అమ్మమ్మ వినిపించింది.

రెంటల్ అగ్రిమెంట్ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. నువ్వు ఉండని ఇంట్లో ఉంటున్నట్టు కాగితం పుట్టించి, దాని మీద సంతకం పెట్టేది నువ్వు, కోచ్ కాదు. రేపు ఎవరైనా ఆరా తీస్తే ఆయన ఫోన్ స్విచాఫ్ వస్తుంది. నీ పేరు మాత్రం ఆ కాగితం మీద ఉంటుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, కాగితాలతో వచ్చే చిక్కే అది.

చట్టం సంగతి అలా ఉంచు. నన్ను ఎక్కువ బాధపెట్టింది "అక్కడ అప్లై చేసేవాళ్లే తక్కువ" అన్న మాట. ఫెమినా మిస్ ఇండియా 1964 నుంచి ఉంది. చాలా ఏళ్లు పెద్ద నగరాల్లో ఆడిషన్లు పెట్టేవారు, ఆ నగరాల దాకా రాగలిగిన అమ్మాయిలే ఎక్కువగా కనపడేవారు. 2017లో ఆ పద్ధతి మార్చి రాష్ట్రానికొక అమ్మాయి చొప్పున 29 రాష్ట్రాలు, ఢిల్లీ కలిపి 30 మందిని ఫైనల్స్‌కి తీసుకున్నారు. ఆ పద్ధతి వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే, ఇదివరకు ఆడిషన్ జరుగుతున్న సంగతి కూడా తెలియని చోట్ల పుట్టిన అమ్మాయిలకు జరిగింది. రాష్ట్రానికి ఉన్నది ఒక్క సీటు. హైదరాబాద్‌లో గ్రూమింగ్ చేయించుకుని, ఇంగ్లిష్ పాలిష్ పెట్టించుకుని, అద్దె కాగితం పట్టుకుని నువ్వు అక్కడ దిగితే, ఆ సీటు ఎవరిది పోతుందో నువ్వే ఆలోచించు.

నీకో సంగతి చెప్తాను. ఈ శీర్షిక రాయకముందు ఇరవై ఏళ్లకు పైగా బట్టల పని చేశాను. ఫ్యాషన్ షోలు, కాలేజీ పోటీలు, చిన్నా పెద్దా అందాల పోటీలు. స్టేజీ వెనక ఒక స్టూలు, కుట్టుపెట్టె, నోటి నిండా పిన్నీసులు, అదీ నా చోటు. సాష్ అంటే భుజం మీంచి అడ్డంగా వేసే రాష్ట్రం పేరున్న పట్టీ, టీవీలో గొప్పగా కనపడుతుంది గానీ చేతికి తగిలితే అది శాటిన్ పట్టీ, నిలవదు. భుజం దగ్గర లోపలివైపు ఒక పిన్నీసు, నడుము దగ్గర ఇంకొకటి పెట్టి, పైకి తెలియకుండా ఒక కుట్టు వేయాలి. లేదంటే నాలుగు అడుగులు వేసేసరికి మోచేతిలోకి జారిపోతుంది. ఒక పోటీలో ఒక అమ్మాయికి అలా పిన్ను పెడుతున్నాను. సాష్ మీద ఒక చిన్న రాష్ట్రం పేరుంది. ఆ అమ్మాయి నా చెవి దగ్గరకు వంగి "ఆంటీ, అక్కడ సీఎం ఎవరో మీకు తెలుసా?" అంది. నా నోట్లో పిన్నీసులు. తల అడ్డంగా ఊపాను. ఇంకో పక్క నుంచి ఎవరో ఫోన్‌లో చూసి పేరు చెప్పారు, ఈ అమ్మాయి పెదాలు కదుపుతూ బట్టీ పట్టుకుంటూ వెళ్లింది.

జడ్జి సీఎం గురించి అడగలేదు. ఆవిడ కాస్త పెద్దావిడ, పిల్ల కంగారు చూసి తేలిక ప్రశ్న వేద్దామనుకున్నట్టుంది. "మీ ఊళ్లో వాన పడితే ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఆ అమ్మాయి "చాలా బ్యూటిఫుల్‌గా ఉంటుంది" అంది. నవ్వింది. మళ్లీ నవ్వింది. అంతే, తర్వాత మాట లేదు. లోపలికి వచ్చి "తీసేయండి ఆంటీ" అంటే సాష్ విప్పాను. పట్టీ లోపలివైపంతా చెమటతో తడిసిపోయి ఉంది. ఆ పిల్ల చెడ్డది కాదమ్మా. మంచి నడక, మంచి గొంతు. తన సొంత ఊరి సాష్ వేసుకుని ఉంటే వాన గురించి పది నిమిషాలు చెప్పేది.

కాబట్టి నువ్వు ఏ రాష్ట్రం అమ్మాయివి అంటే, ఆ జడ్జి ప్రశ్నే నిన్నూ అడుగుతాను. పలాసలో వాన ఎలా పడుతుంది? వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు కదా, వానాకాలం మొదలయ్యే లోపు భిలాయి తిరిగొచ్చేసి ఉంటారు. జీడితోటలు చూసి ఉంటావు, జీడిపిక్కలు కాల్చే వాసన తెలిసి ఉంటుంది. ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బుల గురించి, పలాసలో పెట్టిన కిడ్నీ ఆసుపత్రి గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్తావు? పేపర్లో చదివింది చెప్తావు. అదే భిలాయిలో అయితే? వాన పడితే సెక్టార్ల రోడ్ల మీద ఏ చెట్టు కింద నిలబడతారో, సైకిల్ మీద వచ్చే నాన్న రెయిన్‌కోట్ ఏ రంగో, బ్లాస్ట్ ఫర్నేస్ వైపు ఆకాశం రాత్రిళ్లు ఎలా ఎర్రబడుతుందో నేను చెప్పాల్సిన పని లేదు. ఆ ఊరి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. రష్యావాళ్ల సాయంతో కట్టిన ప్లాంట్, ఆ స్నేహం పేరుతోనే మైత్రీ బాగ్ పార్కు. నువ్వు ఈ వారం పలాస వెళ్లే రైలెక్కితే దాని కింద పట్టాలు మీ నాన్న పనిచేసే చోట తయారైనవి కావచ్చు. చేతిలో తంబూరా పట్టుకుని మహాభారతాన్ని గర్జించినట్టు పాడిన తీజన్ బాయి పుట్టింది ఆ పక్కనున్న గనియారీలోనే. 2019లో ఆవిడకు పద్మవిభూషణ్ ఇచ్చారు. ఒక పేద ఇంటి ఆడమనిషి భీముడి పాత్రను భీముడిలా నిలబడి పాడితే ఊరు వెలేసిన కాలం నుంచి అక్కడిదాకా వచ్చింది. ఇవి నువ్వు బట్టీ పట్టక్కర్లేదు, నీకు ఊపిరి పీల్చినంత తేలిక.

నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నా. ఛత్తీస్‌గఢ్ తరఫున వెళ్లు. పోటీ తక్కువని కాదు, అది నీ ఊరని.

రూల్స్ ఒప్పుకుంటాయా అని సందేహం రావచ్చు. ఇలాంటి పోటీల్లో సాధారణంగా పుట్టిన రాష్ట్రం, తల్లిదండ్రుల సొంత రాష్ట్రం, నువ్వు నివసించే రాష్ట్రం, వీటిలో ఏదో ఒకదానికి ఆధారం చూపమంటారు. నీ స్కూలు సర్టిఫికెట్లు, మీ క్వార్టర్ అడ్రసు చాలా బలమైన ఆధారాలు. అయితే నియమాలు ఏటేటా మారుస్తారు కాబట్టి ఆ ఏడాది అప్లికేషన్ ఫారంలో ఏం రాశారో అక్షరం అక్షరం చదువు. వయసు, ఎత్తు, పాస్‌పోర్ట్, పెళ్లి, ఆఖరికి నిశ్చితార్థం గురించి కూడా అడుగుతారు. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఆ సంగతి ముందే తేల్చుకో.

నువ్వు ఆంధ్రా తరఫున వెళ్లినా అది మోసం కాదని కూడా చెప్పాలి. పుట్టుక నిజం, తల్లిదండ్రులు నిజం. 2022లో మిస్ ఇండియా గెలిచిన సినీ శెట్టి పుట్టింది, పెరిగింది ముంబైలో. వేసుకున్నది కర్ణాటక సాష్, ఎందుకంటే కుటుంబం అక్కడిది. 2025లో మిస్ యూనివర్స్ ఇండియా గెలిచిన మణికా విశ్వకర్మ అప్పుడు చదువుకుంటున్నది ఢిల్లీలో, సాష్ సొంత ఊరు శ్రీగంగానగర్ ఉన్న రాజస్థాన్‌ది. నాకు తెలిసి ఈ ఇద్దరినీ ఎవరూ వేలెత్తి చూపలేదు. వాళ్లకు ఆ ఊరితో బంధం ఉంది, కాగితం తర్వాత వచ్చింది. మీ కోచ్ చెప్పే పద్ధతిలో కాగితం మాత్రమే ఉంది.

ఇంకొకరి కథ నీకు దగ్గరగా ఉంటుంది. నీనా దావులూరి పేరు విన్నావా? అమ్మానాన్నలది విజయవాడ. తను పుట్టింది అమెరికాలో సిరక్యూస్‌లో, తర్వాత ఓక్లహామాలో కొన్నాళ్లు, మిషిగన్‌లో కొన్నాళ్లు పెరిగింది. టీనేజ్ పోటీల్లో మిషిగన్ సాష్ వేసుకుంది. పెద్దయ్యాక న్యూయార్క్ సాష్ వేసుకుని 2013 సెప్టెంబర్‌లో మిస్ అమెరికా అయింది. టాలెంట్ రౌండ్‌లో చేసింది మాత్రం మన శాస్త్రీయ నృత్యాన్ని, బాలీవుడ్ స్టెప్పులను కలిపిన డ్యాన్స్. ఆ రాత్రే కొందరు "ఈమె అమెరికన్ ఎలా అవుతుంది" అని ట్విట్టర్‌లో విరుచుకుపడ్డారు. ఇటు మన దేశంలో వినపడిన మాట ఇంకా చిత్రం. "ఈ రంగుతో ఇక్కడ అయితే గెలిచేదే కాదు" అని మనవాళ్లే రాశారు. అక్కడ పరాయిది, ఇక్కడ నల్లది. అయినా సాష్ మీద న్యూయార్క్ అని ఉన్నంత మాత్రాన విజయవాడ ఆమెలోంచి ఎటూ పోలేదు. భిలాయిలో నిన్ను తెలుగమ్మాయి అంటారని చిన్నబుచ్చుకుంటున్నావు. అను, నువ్వే ముందు అను. "నేను భిలాయి తెలుగమ్మాయిని" అని నీ ఇంట్రో వీడియో మొదలుపెడితే, దేశంలో ఉక్కు ఊళ్లు ఎలా పుట్టాయో, ఎక్కడెక్కడి వాళ్లు వచ్చి అక్కడ స్థిరపడ్డారో మొత్తం ఆ ఒక్క ముక్కలో వచ్చేస్తుంది. అక్కడ శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. వాళ్లెవరూ ఛత్తీస్‌గఢ్‌కి అతిథులు కారు.

చిన్న రాష్ట్రం నుంచి వెళ్తే తేలిక అన్న లెక్క కూడా తప్పే. రాష్ట్రం దాటి ఫైనల్స్‌కి చేరాక అందరికీ ఒకే స్టేజీ, ఒకే జడ్జీలు. అలాగని చిన్న రాష్ట్రమైతే గెలవరన్న భయమూ వద్దు. 2019లో ఛత్తీస్‌గఢ్ అమ్మాయి శివానీ జాదవ్ ఇదే పోటీలో మిస్ గ్రాండ్ ఇండియా టైటిల్ తీసుకుంది. 2023లో మిస్ ఇండియా ఫైనల్స్ ఇంఫాల్‌లో జరిగితే సొంత ఊరి జనం ముందు మణిపూర్ అమ్మాయి స్ట్రెలా లువాంగ్ రెండో రన్నరప్ అయింది. మన వైపు చూస్తే 2018లో ఆంధ్ర నుంచి శ్రేయారావు కామవరపు రెండో రన్నరప్, 2020 టైటిల్ తెలంగాణ అమ్మాయి మానస వారణాసిది. ఆ 2018లోనే మొదటి రన్నరప్ అయిన హర్యానా అమ్మాయి మీనాక్షి చౌదరి ఇవాళ మన సినిమాల్లో తెలుగు హీరోయిన్. ఎక్కడి సాష్ ఎక్కడికి తీసుకెళ్తుందో ముందే లెక్క కట్టలేం.

ఇక రంగు. ఇంజెక్షన్లు వద్దు. గ్లూటాథయోన్ అని చెప్పి ఎక్కిస్తుంటారు. అది లివర్ జబ్బుల్లాంటి వాటికి డాక్టర్లు వాడే మందు, రంగు మార్చుకోవడానికి కాదు. మందు చీటీ లేకుండా గ్రూమింగ్ క్లాసులో నరానికి సూది పొడిపించుకునే పని ఎవరు చెప్పినా చెయ్యకు.

అయితే రంగుతో పని లేదని నీకు అబద్ధం చెప్పను. 2019లో మిస్ ఇండియా ఫైనలిస్టుల ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి ఒక పేపర్లో వేశారు. 30 మంది, 30 చోట్ల నుంచి. చూస్తే అందరూ ఒకే తల్లి పిల్లల్లా, ఒకే రంగు, ఒకేలాంటి నిటారు జుట్టు. ఆ ఫొటో మీద దేశమంతా గోల గోల అయింది. నాకు ఆ రోజు కోపం కన్నా నవ్వొచ్చింది. ఇన్ని రాష్ట్రాలు తిరిగి, ఇన్ని ఆడిషన్లు పెట్టి, చివరికి వెతికి తెచ్చుకున్నది ఒకే ముఖమా అని! రాష్ట్రానికొకరు అని నియమం పెట్టినంత మాత్రాన జడ్జీల కళ్లు మారవు. తర్వాతి ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది, డబ్బా లోపలి ఆశ అదే. నీ చామనఛాయతో వెళ్తే నిన్ను ఎక్కడో ఒకచోట తక్కువ చేసి చూసేవాళ్లు ఉండొచ్చు. అది తెలిసే వెళ్లు. మేకప్ చేసేవాళ్లు మెడ కన్నా ముఖానికి రెండు షేడ్లు తెల్లగా వేయబోతే "మెడకు కలిసే షేడే వేయండి" అని గట్టిగా చెప్పు. స్టేజీ లైట్ల కింద తెల్ల ముఖం, గోధుమ మెడ ఎంత అన్యాయంగా కనపడతాయో నేను దగ్గర్నుంచి చూశాను.

డబ్బు విషయానికొస్తే, 3 లక్షల 50 వేలు ఎందుకో నాకు అర్థం కాలేదు. నడక, నిలబడటం, మాట్లాడటం నేర్పేవాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వొచ్చు, తప్పు లేదు. ఆ ప్యాకేజీలోంచి సూదులు, అద్దె కాగితం తీసేస్తే ఎంత మిగులుతుందో ఆయన్నే అడిగి చూడు. 1994లో సుస్మితా సేన్ మిస్ ఇండియా పోటీకి వేసుకున్న గౌను గుడ్డ ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్‌లో కొన్నది. లంగాలు కుట్టే టైలర్ చేత కుట్టించారు. చేతులకు వేసుకున్న నల్ల గ్లౌజులు కొత్త సాక్సులు కత్తిరించి చేసినవి. ఆవిడే చాలాసార్లు చెప్పింది. ఆ రాత్రి ఐశ్వర్యా రాయ్‌తో సమానంగా మార్కులొస్తే, టై తేల్చడానికి అడిగిన ప్రశ్న మన దేశపు వస్త్రాల గురించి. గాంధీగారి ఖాదీతో మొదలుపెట్టి జవాబు చెప్పింది. నాలాంటి బట్టల మనిషికి ఆ రాత్రి పండగే. గౌను కాదు, గుడ్డ గురించి తెలిసినది గెలిపించింది.

నీకు అవసరమయ్యేవి చాలా తక్కువ. నీ పాదానికి సరిగ్గా పట్టే ఒక జత హీల్స్, ఒంటికి కుదిరిన ఒక గౌను, ఫోన్ నిలబెట్టడానికి ఒక స్టాండు. కొత్త హీల్స్ అడుగు నున్నగా ఉంటుంది, పాలిష్ చేసిన స్టేజీ మీద సర్రున జారుతుంది. గరుకు కాగితంతో అడుగు భాగాన్ని అడ్డంగా రుద్దు, గీతలు పడాలి. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ ఓ అరగంట అవే వేసుకుని కూర గిన్నె కలుపు, బట్టలు మడత పెట్టు. ర్యాంప్ మీద నడిచినట్టు నడవడం తర్వాత, ముందు వాటి మీద మామూలుగా బతకడం రావాలి.

కట్టిన 25 వేలు వెనక్కి అడుగు. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. ఏ సేవ వద్దంటున్నావో, ఎందుకు వద్దంటున్నావో రెండు వాక్యాల్లో రాయి, రశీదు జత చెయ్యి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మొత్తం రాకపోవచ్చు, దాని కోసం నిద్ర పాడు చేసుకోకు. నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు గానీ పాస్‌పోర్ట్ గానీ ఆయన దగ్గరుంటే మాత్రం డబ్బు కన్నా ముందు అవి తెచ్చుకో.

ఇంకో జాగ్రత్త. "మిస్ ఇండియా" అన్న మాటకు ముందో వెనకో ఏదో ఒకటి తగిలించి ఊరికొక పోటీ నడుస్తోంది. కొన్ని మంచివే. కొన్నిట్లో నువ్వు ఫారం నింపగానే "సెలెక్ట్ అయ్యారు, సీటు బ్లాక్ చేయడానికి ఇంత కట్టండి" అంటారు, డబ్బు ఎవరో మనిషి సొంత ఖాతాకు వెయ్యమంటారు, మీ చుట్టాలకు టికెట్లు అమ్మమంటారు, పోటీ అయ్యాక అందరికీ తలా ఒక కిరీటం పెట్టి పంపిస్తారు. ఇక్కడ గెలిస్తే ఏ అంతర్జాతీయ పోటీకి పంపుతారో అడుగు, ఆ పోటీవాళ్ల అసలు వెబ్‌సైట్‌లో వీళ్ల పేరుందో లేదో చూడు. ఆన్‌లైన్‌లో డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, గంటలు గడిస్తే కష్టం. ఫైనల్స్‌కి వెళ్తే కాంట్రాక్టు ఇస్తారు. ఎన్నేళ్లు, సంపాదనలో వాళ్లకెంత, మధ్యలో మానేస్తే ఏం కట్టాలి, ఈ మూడూ లాయర్ చేత చదివించుకున్నాకే సంతకం.

నాకు ఈ పోటీల మీద పెద్ద మోజు లేదని కూడా నీకు తెలియాలి. 1996లో బెంగళూరులో మిస్ వరల్డ్ పెట్టినప్పుడు జరిగిన గొడవలకు స్విమ్‌సూట్ రౌండ్ సీషెల్స్ దీవులకు తరలించారు. 2015 నుంచి మిస్ వరల్డ్ ఆ రౌండే ఎత్తేసింది. ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టి నంబర్లు వేయడం నాకు స్టేజీ వెనక కూర్చున్న రోజుల్లోనూ ఇబ్బందిగానే ఉండేది. అలాగని అక్కడి పిల్లల్ని చులకన చేసే మనిషిని కాదు. 1966లో మిస్ వరల్డ్ గెలిచిన రీటా ఫారియా అప్పటికి బొంబాయిలో మెడిసిన్ చదువుతోంది. ఏడాది అయ్యాక మళ్లీ పుస్తకాలు తీసి డాక్టర్ అయింది. మానస వారణాసి ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేస్తూ వచ్చింది. 2020లో రన్నరప్ మాన్యా సింగ్ ఆటో డ్రైవర్ కూతురు, గెలిచాక సన్మానానికి నాన్న ఆటోలోనే వెళ్లింది. నీ ఉద్యోగం మానకు. అప్లికేషన్‌కి సెలవు అక్కర్లేదు, ఆడిషన్‌కి రెండు రోజులు చాలు. ముందుకు వెళ్తే అప్పుడు చూసుకోవచ్చు.

తెలుగు చదవడం నేర్చుకోవాలనుంటే నేర్చుకో, పోటీ కోసం మాత్రం కాదు. నెల రోజులు చాలు, బస్సుల మీద బోర్డులతో మొదలుపెట్టు. ఆఫీసులో నవ్వేవాళ్లను నవ్వనీ. వాళ్లలో ఎంతమందికి ఛత్తీస్‌గఢీ వచ్చో అడిగి చూడు ఒకసారి. హిందీ, తెలుగు, ఛత్తీస్‌గఢీ, ఇంగ్లిష్, నాలుగు భాషల్లో దెబ్బలాడగలిగే పిల్లవి నువ్వు.

మీ నాన్న సంగతి చివరికి ఉంచాను, అన్నిటికన్నా కష్టమైనది అదే కాబట్టి. ఆయన మాటలో ఉన్నది ఆంధ్ర కాదమ్మా, ఊరు వదిలి వచ్చిన బెంగ. ఇన్నేళ్లుగా పండక్కి వెళ్లి వచ్చే చుట్టంలా బతికిన ఊళ్లో, కూతురి పేరుతో ఒక్కసారి తన పేరు వినపడాలని ఆశ. ఛత్తీస్‌గఢ్ అంటే "నేను తప్పుచేసి ఇక్కడికి వచ్చానా, పిల్ల మన ఊరిది కాకుండా పోయిందా" అనిపిస్తుంది. దాన్ని వాదనతో తీసేయలేవు. ఆయన చేరినప్పుడు అది మధ్యప్రదేశ్, 2000 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ అయింది. 2014లో ఆయన వదిలొచ్చిన రాష్ట్రమూ రెండయింది. అటూ ఇటూ రాష్ట్రాల పేర్లు మారుతుంటే ఆయన మాత్రం అదే గేటులోంచి డ్యూటీకి వెళ్లొచ్చాడు. నీ ఇంట్రో వీడియోలో మొదటి మాట ఆయన గురించి ఉంటుందని చెప్పు. పలాస పేరు, ఆయన పేరు రెండూ అందులో వస్తాయని చెప్పు. ఇంకా మంచిది, ఆ మాటలు ఆయన్నే చెప్పమను. మొదటిసారి భిలాయి స్టేషన్‌లో దిగినప్పుడు చేతిలో ఏముంది, ఎవరింట్లో పడుకున్నాడు, మొదటి జీతంతో ఏం కొన్నాడు, అడుగు. నువ్వు రాసుకో, హిందీలోనో ఇంగ్లిష్ అక్షరాల్లోనో నీకెలా వస్తే అలా. ఆ కాగితాలు నీ క్వశ్చన్ రౌండ్‌కి పనికొస్తాయి, ఆడిషన్‌లో నెగ్గకపోయినా ఇంట్లో ఉంటాయి.

ఇవాళ రాత్రే ఫోన్ చేసేద్దామని ఆత్రపడకు. నైట్ షిఫ్ట్‌కి బయల్దేరే మనిషితో మాట్లాడే విషయం కాదిది. డ్యూటీ దిగి పడుకుని, మధ్యాహ్నం లేచి, టీ తాగి గ్లాసు కింద పెట్టాక చెయ్యి. ముందు అమ్మ చేత ఈ సమాధానం చదివించుకో, ఫోన్ దగ్గర ఆవిణ్ణి కూడా కూర్చోమను.